వంద రూపాయల కాగితం

2011 వేసవిలో నా మొదటి ఉద్యోగానికి ఆఫర్ లెటర్‌తో పాటు ఇంకో కాగితం వచ్చింది. వంద రూపాయల స్టాంపు పేపరు, దాని వెనక ఇంగ్లీషులో మూడు పేజీలు. రెండేళ్ళ లోపల ఉద్యోగం మానేస్తే ట్రెయినింగ్ ఖర్చుల కింద లక్ష రూపాయలు కట్టాలి. పదో తరగతి నుంచి బీటెక్ దాకా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ వాళ్ళ దగ్గరే ఉంటాయి. కింద నా సంతకం, దాని పక్కన హామీదారుగా నాన్న సంతకం. నా జీతం నెలకి పదిహేను వేలు.

నాన్న కాకినాడ దగ్గర ఒక రైసుమిల్లులో గుమాస్తా. లెక్కల పుస్తకాలు రాసి రాసి కాగితం అంటే భయమూ, గౌరవమూ రెండూ ఉన్న మనిషి. మూడు పేజీలూ నేను తెలుగులో చెబుతుంటే చివరిదాకా విని, ఒకటే అడిగాడు: “మధ్యలో మానేస్తే జైల్లో పెడతారేంట్రా?”

నేను నవ్వేను. ‘ఉద్యోగం మానేస్తే జైలేంటి నాన్నా, ఏ కాలంలో ఉన్నావు?’ అన్నాను. ఆయన ఇంకేం మాట్లాడకుండా సంతకం పెట్టాడు.

నేను లాయర్ని కాదు, చరిత్ర చదువుకున్నవాడినీ కాదు. రాత్రిళ్ళు పుస్తకాలు చదివే అలవాటున్న సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. వలస కూలీల గురించి చదువుతూ ఒకరోజు 1859 నాటి ఒక చట్టం దగ్గర ఆగిపోయాను. నాన్న అడిగిన ప్రశ్నకి జవాబు అందులో ఉంది. పెట్టేవాళ్ళు. అరవయ్యారేళ్ళకి పైగా, చట్టప్రకారం, మేజిస్ట్రేటు సంతకంతో.

ఆ చట్టం పేరు వర్క్‌మన్స్ బ్రీచ్ ఆఫ్ కాంట్రాక్ట్ యాక్ట్, 1859లో 13వ చట్టం. దాన్ని అడిగి తెచ్చుకున్నది కలకత్తాలోని యూరోపియన్ వర్తకుల సంఘం, కలకత్తా ట్రేడ్స్ అసోసియేషన్. వాళ్ళ ఫిర్యాదు ఇది: పనివాళ్ళు అడ్వాన్సు తీసుకుంటారు, పని చెయ్యకుండా పోతారు. సివిల్ కోర్టులో దావా వేస్తే గెలుస్తాం కానీ, ఏమీ లేనివాడి దగ్గర ఏం వసూలు చేస్తాం? ఆస్తి లేదు కాబట్టి ఒంటినే పట్టుకోవాలి. చట్టం పీఠికలో ఉన్నది కూడా ఇంచుమించు ఇదే. సివిల్ దావా చాలదు కాబట్టి ఇలాంటివాళ్ళని శిక్షించడం న్యాయం అంటుంది.

చట్టం పనిచేసే తీరు చాలా సులువు. యజమాని మేజిస్ట్రేటు దగ్గర ఫిర్యాదు చేస్తాడు. పనివాడు సరైన కారణం లేకుండా మానేశాడని మేజిస్ట్రేటుకి అనిపిస్తే రెండిట్లో ఒక ఆర్డరు ఇస్తాడు: తీసుకున్న డబ్బు తిరిగి కట్టు, లేదా ఒప్పుకున్న పని చెయ్యి. ఆ ఆర్డరు పాటించకపోతే మూడు నెలల దాకా కఠిన శిక్ష. నన్ను ఆపేసింది శిక్ష కాదు. ఆ రెండిట్లో ఏది కావాలో కోరుకునే హక్కు ఎవరిదన్నది. పనివాడిది కాదు. మేజిస్ట్రేటుది కూడా కాదు. ఫిర్యాదు చేసిన యజమానిది. అంటే పనివాడు ఎక్కడో అప్పు చేసి డబ్బు తెచ్చి ముందు పెట్టినా, ‘నాకు డబ్బొద్దు, పనే చెయ్యాలి’ అని యజమాని అనొచ్చు. అప్పు తీరితే వదిలిపోయే బంధం కాదన్నమాట అది.

మరి యజమాని మాట తప్పితే? కూలి ఎగ్గొడితే? దానికి ఈ చట్టంలో జైలు లేదు. పనివాడు సివిల్ కోర్టుకే పోవాలి. వర్తకులకి చాలదన్న సివిల్ కోర్టు కూలివాడికి మాత్రం చాలుతుంది.

మొదట ఈ చట్టం కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాలకే. కానీ ప్రభుత్వం తలచుకుంటే ఒక ప్రకటనతో వేరే ప్రాంతాలకి పాకించే వీలు అందులోనే పెట్టారు. అలాగే పాకింది. అస్సాం తేయాకు తోటల్లో దీన్ని విరివిగా వాడారు. ఆ తర్వాతి ఏడాది వచ్చిన ఇండియన్ పీనల్ కోడ్‌లోనూ ఇలాంటి సెక్షన్లున్నాయి. 492వ సెక్షను ప్రకారం, యజమాని ఖర్చుతో దూరప్రాంతానికి వెళ్ళిన పనివాడు రాతపూర్వక ఒప్పందం ఉండి మధ్యలో వదిలేసి పోతే నెల దాకా జైలు, లేదా ఆ ఖర్చుకి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. ఒప్పందం మూడేళ్ళకి మించకూడదు. 490వ సెక్షను ప్రయాణాల గురించి. అందులో ఉదాహరణగా ఇచ్చింది ఎవరినో తెలుసా? పల్లకీ మోసే బోయీని. మజిలీ మధ్యలో పల్లకీ దించేసి పారిపోతే అది నేరం.

ఇదంతా తెల్లవాళ్ళు మన కోసం ప్రత్యేకంగా కనిపెట్టింది కాదు. వాళ్ళ దేశంలో దీనికి అయిదు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. 1348లో ఇంగ్లండులో ప్లేగు వచ్చి జనం కుప్పలుగా పోయారు. మిగిలిన కూలీలు ఎక్కువ కూలి అడిగారు. వెంటనే 1349లో ఒక ఆర్డినెన్సు, 1351లో ఒక చట్టం వచ్చాయి. పాత కూలికే చెయ్యాలి, గడువు తీరకుండా పని వదిలితే జైలు. ఆ వరసలో వచ్చిన ‘మాస్టర్ అండ్ సర్వెంట్’ చట్టాలు పందొమ్మిదో శతాబ్దంలో కూడా పనివాళ్ళని జైలుకి పంపాయి. కార్మిక సంఘాలు ఏళ్ళ తరబడి పోరాడితే 1875లో అక్కడ ఆ శిక్ష రద్దయింది. చట్టం పేరు కూడా మార్చేశారు. యజమాని, సేవకుడు అన్న మాటలు పోయి ఎంప్లాయర్స్ అండ్ వర్క్‌మెన్ యాక్ట్ అయింది.

ఇంగ్లండులో 1875లో పోయింది. మన దగ్గర ఎప్పుడు పోయింది? 1926 ఏప్రిల్ 1న. లండన్‌లో ఉద్యోగి ‘వర్క్‌మన్’గా మారిన యాభై ఏళ్ళ తర్వాత. ఈ యాభై ఏళ్ళలో ఇక్కడ జైలుకి వెళ్ళినవాళ్ళంతా లండన్‌లో అయితే నేరం కాని పనికే జైలుకి వెళ్ళారు.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. మా ఊరికి కోరంగి ఎంతో దూరం లేదు. ఇప్పుడు అందరూ మడ అడవులు చూడ్డానికి వెళ్తారు గానీ, ఒకప్పుడు అది ఓడరేవు. అక్కణ్ణించి ఓడలెక్కిన తెలుగువాళ్ళ వల్ల మారిషస్‌లోనూ, బర్మాలోనూ తెలుగువాళ్ళకే ‘కోరంగీలు’ అని పేరు పడిపోయింది. 1860 నవంబరులో మద్రాసు నుంచి డర్బన్ చేరిన మొదటి కూలీల ఓడ ‘ట్రూరో’లో కూడా తెలుగువాళ్ళున్నారు. చెరకు తోటల్లో ఏళ్ళ తరబడి ఒప్పందం. ‘అగ్రిమెంట్’ అన్న మాట నోరు తిరగక ‘గిర్మిట్’ అయింది, అది చేసుకున్నవాడు ‘గిర్మిటియా’ అయ్యాడు. తోట దాటి బయటికి పోవాలంటే పాసు కావాలి, లేకపోతే నేరం. ఒక మనిషికి తను సంతకం పెట్టిన కాగితమే కులంలా, ఇంటిపేరులా అతుక్కుపోవడం ఇంకెక్కడన్నా ఉందేమో నాకు తెలీదు.

బర్మాకి వెళ్ళినవాళ్ళది ఇంకో దారి. మా వైపు పెద్దవాళ్ళు రంగూన్ని ‘రంగం’ అనేవారు. నాన్న చిన్నతాత రంగం వెళ్ళాడట. మేస్త్రి ఇంటికొచ్చి ఓడ ఛార్జీ, ఇంట్లో ఖర్చుకి కొంత డబ్బు ఇచ్చి తీసుకుపోయాడట. అక్కడ రేవులోనో, బియ్యం మిల్లులోనో పని. కూలి మేస్త్రి చేతికొస్తుంది, అతను తన బాకీ పట్టుకుని మిగిలింది ఇస్తాడు. ఆయన తిరిగి రాలేదు. బాకీ తీరక రాలేదా, పోయాడా, అక్కడే స్థిరపడ్డాడా అన్నది మా ఇంట్లో ఎవరికీ తెలీదు. ఇంట్లో మిగిలింది ఒక్క మాటే: ముందు డబ్బు తీసుకుంటే మనిషి మనవాడు కాదు. ఆ మాట నాన్న చాలాసార్లు అనేవాడు. అప్పు చెయ్యకూడదని చెబుతున్నాడనుకునేవాణ్ణి.

ఒక్కో కూలివాణ్ణి విడిగా జైలుకి పంపడం ఒక పద్ధతి. వాళ్ళంతా కలిస్తే ఏం చెయ్యాలి? దీనికి జవాబు మద్రాసులో దొరుకుతుంది. 1918 ఏప్రిల్‌లో పెరంబూరులోని బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల కార్మికులతో మద్రాస్ లేబర్ యూనియన్ మొదలైంది. అధ్యక్షుడు బి.పి. వాడియా, అనీబిసెంటు దగ్గర పనిచేసిన దివ్యజ్ఞాన సమాజం మనిషి. 1920లో గొడవ ముదిరినప్పుడు మిల్లుల యజమానులైన బిన్నీ కంపెనీ మద్రాసు హైకోర్టుకి వెళ్ళింది. కార్మికులు మాతో చేసుకున్న ఒప్పందాన్ని తప్పేట్టుగా వీళ్ళు ప్రేరేపిస్తున్నారు, నష్టపరిహారం ఇప్పించండి అని. వాడియా మీదా, యూనియన్ నాయకుల మీదా కోర్టు ఇంజంక్షన్ ఇచ్చింది. సమ్మె చెయ్యమనడమే ఒప్పందాన్ని భంగపరచడం అయిందన్నమాట. చివరికి రాజీలో భాగంగా వాడియా కార్మికోద్యమం నుంచి తప్పుకోవలసి వచ్చింది.

కానీ ఆ కేసు చేసిన మేలు కూడా ఉంది. యూనియన్ పెట్టడమే నష్టపరిహారం కట్టాల్సిన తప్పయితే ఇక ఎవరూ యూనియన్ పెట్టలేరని అందరికీ అర్థమైంది. 1921లో ఎన్.ఎం. జోషి కేంద్ర శాసనసభలో కార్మిక సంఘాలకి రక్షణగా చట్టం కావాలని తీర్మానం పెట్టారు. 1926లో ట్రేడ్ యూనియన్స్ యాక్ట్ వచ్చింది. 1859 చట్టమూ, పీనల్ కోడ్ 490, 492 సెక్షన్లూ రద్దయింది కూడా అప్పుడే. 1925లో చేసిన రద్దు చట్టం 1926 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఇంచుమించు ఒకే కాలంలో రెండు తలుపులు తెరుచుకున్నాయి. ఒంటరిగా మానేసినా జైలు లేదు, అందరూ కలిసి ఆపినా కుట్ర కాదు. మన పాఠ్యపుస్తకాల్లో 1926కి ఈ సంగతి కనబడదు.

చట్టం పోయినంత మాత్రాన అడ్వాన్సుతో మనిషిని కట్టేసే పద్ధతి పోలేదు. మేజిస్ట్రేటు అవసరం లేనంతగా ఊళ్ళలో అది పాతుకుపోయింది. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. దాని నిర్వచనాల భాగంలో దేశమంతటా ఈ పద్ధతికున్న పేర్లు వరసగా ఇచ్చారు. చట్టం చదువుతూ కళ్ళు చెమర్చడం నాకు అదే మొదలు. ఆ ఇంగ్లీషు వాక్యం మధ్యలో మన మాటలున్నాయి. పాలేరు. వెట్టి. భగేలా. జీతా.

జీతా! జీతం అంటే మనకి నెలాఖరుకి బ్యాంకులో పడేది. తెలంగాణ పల్లెల్లో ‘జీతం ఉండటం’ అంటే దొర దగ్గర అప్పు కింద ఏడాదికేడాది గొడ్డులా చెయ్యడం. జీతగాడు అంటే ఉద్యోగి కాదు. ఒకే మాట హైదరాబాదు హైటెక్ సిటీలో ఒకరకంగానూ, వంద కిలోమీటర్ల అవతల ఇంకోరకంగానూ పలికింది, అదీ మన తాతల కాలందాకా. 1922 నాటి ‘మాలపల్లి’లో పాలేరు బతుకుని ఉన్నవ చూపించారు కదా. ఆ నవలని సంస్కరణ, జాతీయోద్యమం కోసం చదువుతారు గానీ, పనివాడికీ యజమానికీ మధ్య రాతలో లేని ఒప్పందం ఎలా ఉంటుందో తెలుసుకోడానికి కూడా చదవొచ్చు.

ఇంతా చెప్పి నా సాఫ్ట్‌వేర్ బాండ్‌ని తీసుకెళ్ళి పాలేరు బతుకు పక్కన పెడితే తప్పు. నాకు ఏసీ గది ఉంది, క్యాబ్ ఉంది, పి.ఎఫ్. ఉంది. నా పిల్లలకి నా బాండ్ వారసత్వంగా రాదు. ఆ తేడా చిన్నది కాదు. చట్టం కూడా మారింది. 1872 నాటి కాంట్రాక్ట్ యాక్ట్ 27వ సెక్షను, ఒక మనిషి తన వృత్తి చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందం చెల్లదంటుంది. 74వ సెక్షను ప్రకారం కాగితంలో ఎంత మొత్తం రాసినా కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారమే, రాసిన మొత్తం దానికి గరిష్ఠ పరిమితి మాత్రమే. ‘వెళ్ళి అక్కడే పనిచెయ్యి’ అని ఏ సివిల్ కోర్టూ ఉద్యోగిని బలవంతం చెయ్యదు.

అలాగని బాండ్లన్నీ చిత్తుకాగితాలని కూడా కాదు. 1967లో సుప్రీంకోర్టు ముందుకి గోలికరి కేసు వచ్చింది. టైర్లకి వాడే దారం తయారుచేసే ఫ్యాక్టరీలో అయిదేళ్ళ ఒప్పందం మీద చేరి, శిక్షణ పొంది, గడువు తీరకుండానే పోటీ కంపెనీకి వెళ్ళిన ఉద్యోగి. ఒప్పంద కాలం లోపల వేరేచోట అదే పని చెయ్యకూడదన్న షరతు చెల్లుతుందని కోర్టు అంది. 1986లో బ్రజోనాథ్ గంగూలీ కేసులో, బలం సమానంగా లేని ఇద్దరి మధ్య అన్యాయమైన షరతు పెడితే అది చెల్లదని అదే కోర్టు అంది. అక్కడ ఎదుటిపక్షం ప్రభుత్వ కార్పొరేషన్. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో మూడేళ్ళ బాండ్, రెండు లక్షలు కట్టాలన్న షరతు సమంజసమే అంది. ప్రభుత్వ రంగ బ్యాంకు ఒక ఉద్యోగిని ఎంపిక చేసుకోడానికి పెట్టే ఖర్చునీ, ఆ అధికారి జీతాన్నీ కూడా చూసింది. ఈ మూడు తీర్పుల్నీ వరసగా చదివితే నాకు కనబడింది ఇది: కోర్టు బాండ్ ఉందా లేదా అని ఆగిపోదు. ఎవరు, ఎవరితో, ఎంతకి, ఎందుకు అని అడుగుతుంది.

ఇబ్బందేమిటంటే, ఆ ప్రశ్నలు అడిగే దాకా ఎవరూ కోర్టుకి వెళ్ళరు. పదిహేను వేల జీతగాడికి లాయరు ఫీజు ఎక్కడిది? అవతల కంపెనీ కూడా లక్ష కోసం దావా వెయ్యదు. దావా వెయ్యడం కోసం రాసుకున్న కాగితం కాదది. భయం కోసం రాసుకున్నది. 1859లో ఆ భయం వెనక ఒక జైలుండేది. ఇప్పుడు జైలు లేదు, కానీ భయం తన పని తను చేసుకుపోతోంది.

ఈ మాట ఇంత ధీమాగా ఎలా అంటున్నానంటే, ఆ భయాన్ని నేనే స్వయంగా ఒకరికి అందించాను కాబట్టి.

2018లో నేను వేరే కంపెనీలో టీమ్ లీడ్ని. మా టీమ్‌లో చేరి ఏడాది కూడా కాని అమ్మాయి ఒకరోజు వచ్చి రాజీనామా చేస్తానంది. వాళ్ళమ్మకి డయాలసిస్. విజయవాడలో చిన్న ఉద్యోగం దొరికింది, ఇంట్లో ఉండి చూసుకోవచ్చు. కానీ ఇంకా పధ్నాలుగు నెలల బాండ్ ఉంది. ‘సార్, ఏమన్నా చెయ్యగలరా?’ అని అడిగింది. హెచ్చార్ వాళ్ళని అడిగితే, ‘మీరే ఒకసారి నచ్చజెప్పండి’ అన్నారు. ప్రాజెక్టు డెలివరీ మూడు నెలల్లో ఉంది. నేను ఆ అమ్మాయిని మీటింగ్ రూములో కూర్చోబెట్టి చాలా మర్యాదగా చెప్పాను. “చూడమ్మా, బాండ్ బ్రేక్ చేస్తే లీగల్ నోటీసొస్తుంది. కేసంటూ పడితే రేపు పాస్‌పోర్టుకీ, వీసాకీ ఇబ్బంది. ఆలోచించుకో.”

అది నిజమా కాదా అని నేను కనుక్కోలేదు. నాకు ఎవరో చెప్పారు, నేను ఆమెకి చెప్పాను. సివిల్ ఒప్పందం తప్పడానికీ పాస్‌పోర్టుకీ మధ్య అంత దూరం ఉందని అప్పటికి నాకు తెలీదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. ఆమె లేచి, ‘సరే సార్’ అని వెళ్ళిపోయింది. ఇంకో ఎనిమిది నెలలు ఉంది. వారం వారం శుక్రవారం రాత్రి బస్సెక్కి వెళ్ళి సోమవారం పొద్దున్న వచ్చేది. ఎనిమిదో నెలలో వాళ్ళమ్మ పోయింది. తర్వాత వారంలో ఆమె మానేసింది. కంపెనీ ఏ నోటీసూ పంపలేదు. ఎవరూ ఏమీ అడగలేదు.

1859 చట్టం చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది నాన్న కాదు, ఆ మీటింగ్ రూము. కట్టు, లేదా చెయ్యి. రెండిట్లో ఏదో కోరుకునేది ఫిర్యాదుదారు. ఆ అమ్మాయి డబ్బు కట్టడానికి కూడా సిద్ధపడిందని తర్వాత తెలిసింది, ఎవరినో అప్పు కూడా అడిగిందట. నేను ఆ మాటే ఎత్తనివ్వలేదు. మాకు కావలసింది డబ్బు కాదు, పని.

కిందటి సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు బీరువాలో నా పాత బాండ్ జిరాక్సు కనబడింది. నాన్న దాన్ని ఇంటి పన్ను రసీదులతో కలిపి దాచాడు. పక్కన కూర్చుని 1859 గురించి, పల్లకీ బోయీల గురించి, రంగం మేస్త్రీల గురించి చెప్పాను. “1926 దాకా నిజంగానే జైల్లో పెట్టేవారు నాన్నా.”

ఆయన ఆశ్చర్యపోలేదు. కాగితం తీసుకుని, తన సంతకం ఉన్నచోట వేలితో ఒకసారి తడిమి, మళ్ళీ మడిచి రసీదుల మధ్య పెట్టేశాడు.

“మరి ఆవేళ నవ్వేవు కదరా,” అన్నాడు.